కొలతకు నిలిచిన వేగం
(స్మారకోపన్యాసం పాఠం)



నాకు పని నేర్పిన మాస్టారిని తలుచుకోగానే ఒక షాఫ్టు గుర్తొస్తుంది. రెండో సంవత్సరంలో ఉండగా లేత్ మీద నేను తిప్పిన జాబ్ అది. అంగుళంలో వెయ్యో వంతును మనం థౌ అంటాం కదా, ఆ లెక్కన మూడు థౌలు తక్కువొచ్చింది. మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేక, "మూడు థౌలే మాస్టారూ, ఎవడికి తెలుస్తుంది?" అన్నాను. ఆయన కోప్పడలేదు. హాక్సా నా చేతికిచ్చి ఆ షాఫ్టును నా చేతే రెండు ముక్కలు కోయించారు. కోయడం పూర్తయ్యాక, "తెలియనివాడి చేతికే కదరా ఇది వెళ్లేది" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మనం చేసిన భాగాన్ని కొనేవాడు దాన్ని కొలిచి చూడడు, చూడలేడు. బండిలో బిగించుకుని, భార్యాపిల్లల్ని ఎక్కించుకుని రోడ్డెక్కుతాడు. వాడి నమ్మకానికి వెనక నిలబడాల్సింది మన కొలత ఒక్కటే. మాస్టారు ఒక్క మాటలో చెప్పింది ఒక పరిశ్రమ పరిశ్రమంతా నేర్చుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది. ఆ కథే ఈరోజు మీ ముందు పెడతాను. అది దక్షిణ కాలిఫోర్నియాలో, 1930ల నుంచి 1970ల దాకా, మామూలు కార్లకు వేగం పెంచే విడిభాగాలు చేసి, వాటినొక పరిశ్రమగా నిలబెట్టినవాళ్ల కథ. వాళ్లలో చాలామంది పెద్ద చదువులు చదవలేదు. మనలాగే గ్రీజు చేతులవాళ్లు.

పాత ఇనుము కొట్టు

మొదట అందరికీ అందిన కారు ఫోర్డ్ మోడల్ టి. 1908లో వచ్చింది. దాని ఇంజన్ శక్తి ఇరవై గుర్రాలు. ఊరు దాటడానికి చాలు, పందేనికి చాలదు. పందేనికి చాలించాలన్న పట్టుదలతోనే ఈ రంగం పుట్టింది. షెవ్రొలే పేరు మనందరికీ కారు పేరుగానే తెలుసు. ఆ ఇంటి అన్నదమ్ములు తమ పేరుతో ఉన్న కంపెనీకి దూరమయ్యాక, 1920లలో మోడల్ టి ఇంజనుకు ఫ్రాంటెనాక్ అనే కొత్త సిలిండర్ హెడ్ చేసి అమ్మారు. అలాంటి హెడ్ పెట్టిన ఫోర్డు బండి ఒకటి 1923లో ఇండియనాపొలిస్ 500 మైళ్ల పందెంలో ఐదో స్థానంలో వచ్చింది. చుట్టూ ఉన్నవి పందేనికని ప్రత్యేకంగా కట్టిన ఖరీదైన కార్లు. వాటి మధ్య ఒక రైతు బండి ఐదోదిగా నిలిచిందంటే, ఒక్క భాగం మారిస్తే బండి జాతకం ఎంత మారుతుందో లోకానికి తెలిసింది.

అదే 1923లో లాస్ ఏంజెలిస్ పక్కన బెల్ అనే ఊళ్లో జార్జ్ వైట్ పాత కార్లు విప్పి ఇనుము అమ్మే కొట్టు పెట్టాడు. విప్పుతుంటే కొన్ని బండ్లలో ప్రత్యేకంగా చేయించుకున్న హెడ్లు, కార్బురేటర్లు దొరికేవి. వాటిని ఇనుము లెక్కన తూకానికి అమ్మకుండా విడిగా బల్ల మీద పెట్టాడు. కుర్రాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆ పాత ఇనుము కొట్టే బెల్ ఆటో పార్ట్స్ అయింది. వేగం భాగాల దుకాణాల్లో మొట్టమొదటిదిగా చరిత్రకారులు దాన్నే చెబుతారు. ఇనుప సామాన్ల బజారులో పనికొచ్చే ముక్కను దూరం నుంచే గుర్తుపట్టే కన్ను మనకూ తెలుసు. ఈ పరిశ్రమ ఆ కన్నుతో మొదలైంది.

1932లో హెన్రీ ఫోర్డ్ సామాన్యుడి కారులో ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజన్ పెట్టాడు. 65 గుర్రాల శక్తి. కొన్నేళ్లకు ఆ కార్లు సెకండ్ హ్యాండులో చవకయ్యాయి. జీతం తక్కువ, ఆశ ఎక్కువ ఉన్న కుర్రాళ్ల చేతికి వచ్చాయి.

ఎండిన చెరువు

వాళ్లకు పందెం వేసుకునే మైదానం కూడా దొరికింది. లాస్ ఏంజెలిస్‌కు ఉత్తరాన మొహావి ఎడారిలో ఎండిన సరస్సులున్నాయి. వానలకు పలచగా నీళ్లు నిలుస్తాయి, ఎండకు అవి ఆరి నేల గచ్చులా గట్టిపడుతుంది. మైళ్ల కొద్దీ చెట్టూ గట్టూ లేని చదును. మురాక్, రోజమండ్, ఎల్ మిరాజ్ వాటి పేర్లు. శనివారం రాత్రి బయల్దేరి వెళ్లి, ఆదివారం తెల్లవారగానే, గాలి లేవకముందే బండ్లు తోలేవాళ్లు.

తొలిరోజుల్లో అక్కడ నానా గందరగోళం. నాలుగైదు బండ్లు పక్కపక్కనే వదిలేవాళ్లు. ముందుబండి రేపిన దుమ్ములో వెనకబండికి దారి కనపడేది కాదు. 1934లో మురాక్‌లో బండి బోల్తాపడి ఫిల్ వెయండ్ అనే కుర్రాడు నడక పోగొట్టుకున్నాడు. మిగిలిన జీవితం చక్రాల కుర్చీలోనే గడిచింది. ఆయన ఆ కుర్చీలోంచే, ఇంజన్ సిలిండర్లకు గాలి, పెట్రోలు పంచే మానిఫోల్డులు చేసే పెద్ద కంపెనీని కట్టారు. 1978లో ఆయన పోయాక భార్య జోన్ దాన్ని నడిపారు. ఆ ధైర్యానికి దణ్ణం పెడదాం. కానీ ఆ చక్రాల కుర్చీని మాత్రం గుర్తుంచుకోండి. ఈ కథ మళ్లీ అక్కడికే వస్తుంది.

1937లో కుర్రాళ్ల క్లబ్బులు కొన్ని కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. పేరులోనే ఉంది చూడండి, టైమింగ్ అని. పందేల సంఘం అనుకోలేదు, సమయం కొలిచే సంఘం అనుకున్నారు. బండ్లను ఒక్కొక్కటిగా వదిలి, కొలిచిన దూరాన్ని ఎంతసేపట్లో దాటిందో రాసిపెట్టడం ఆనవాయితీ అయింది. ఆ రాత ముందు ఎవరి గొప్పలూ చెల్లవు. నా బండి గాలిలా పోతుందని ఎవరైనా చెప్పుకోవచ్చు, సరస్సు మీద గడియారం ఏం చెప్పిందన్నదే లెక్క. ఈ రంగానికి పునాది పడింది ఆ రోజునే అని నా నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. కుర్రాళ్లు సైన్యంలోకి పోయారు. అప్పుడు సంఘం వార్తాపత్రికను నిలబెట్టిన మనిషి వీడా ఓర్. ఆ సరస్సుల మీద మగవాళ్లతో సమానంగా బండి తోలిన మహిళ ఆమె. భర్త కార్ల్‌తో కలిసి విడిభాగాల దుకాణం నడుపుతూ, ఆ పత్రికను విదేశాల్లో ఉన్న సైనికులకు ఉచితంగా పంపించారు. యుద్ధం తర్వాత వాళ్లు తిరిగొచ్చేసరికి సంఘం చెదరకుండా ఉందంటే అందులో ఆమె చేయి ఉంది.

ఇంజన్ ఊపిరి

ఇక్కడ విద్యార్థుల కోసం రెండు మాటలు. ఇంజన్ శక్తి అంతా ఊపిరిలో ఉంది. ఎంత గాలి, ఎంత పెట్రోలు సిలిండర్‌లోకి వెళ్లగలదో, కాలిన పొగ ఎంత తేలిగ్గా బయటికి రాగలదో, అంతే శక్తి. కంపెనీ ఇచ్చిన ఇంజను నెమ్మదిగా, చాలాకాలం, తక్కువ ఖర్చుతో నడవడానికి చేసింది. అందుకే దాని ముక్కు ఇరుకు. ఈ ముక్కును ముగ్గురు మూడు చోట్ల విప్పారు.

మొదటివారు విక్ ఎడెల్‌బ్రాక్. 1913లో కాన్సస్ రాష్ట్రంలో పుట్టారు. తండ్రి కిరాణా కొట్టు కాలిపోవడంతో పద్నాలుగేళ్లకే బడి మానేశారు. విచిటా నుంచి పల్లెలకు మోడల్ టి కార్లు తోలుకెళ్లి అప్పగించే పనిలో చేరారు. ఆ దారుల్లో కుదుపులకు బండి ఊడిపోయేది, దారిలోనే బాగుచేసుకోవాలి. ఆయన చదివిన ఇంజనీరింగ్ కాలేజీ ఆ రోడ్డే. కాలిఫోర్నియా వచ్చి రిపేరు షెడ్డు పెట్టి, 1938లో ఒక 1932 ఫోర్డు రోడ్‌స్టర్ కొన్నారు. వారమంతా అదే ఇంటిబండి. ఆదివారం మడ్‌గార్డులు విప్పేసి సరస్సు మీద పందెంబండి. ఆ బండి కోసమే రెండు కార్బురేటర్లు కూర్చునే కొత్త ఇన్‌టేక్ మానిఫోల్డు గీశారు. దాని ఆకారం చూసి స్లింగ్‌షాట్, అంటే ఉండేలు, అన్నారు. 1941 నవంబరులో రోజమండ్ సరస్సు మీద ఆ బండి గంటకు 121.42 మైళ్లు పోయింది. మన లెక్కలో 195 కిలోమీటర్లు. చూసినవాళ్లు ఆ మానిఫోల్డు మాకూ కావాలన్నారు. సుమారు వంద పోత పోయించి అమ్మారు. ఆ పరుగు జరిగిన మరుసటి నెలలోనే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది, ఆయన లాంగ్ బీచ్ ఓడల రేవులో వెల్డింగు పనికి వెళ్లారు.

రెండోవారు ఎడ్ ఇస్కెండరియన్. 1921లో కాలిఫోర్నియాలో ఒక ఆర్మీనియన్ కుటుంబంలో పుట్టారు. వాల్వు ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో నిర్ణయించేది క్యామ్ షాఫ్టు. దాని మీది మిట్ట ఆకారంలో వెంట్రుకవాసి మారినా ఇంజన్ స్వభావం మారుతుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఎడ్ తన బండికి మంచి క్యామ్ కావాలంటే నెలల తరబడి ఆగాల్సి వచ్చింది, గ్రైండింగ్ చేసేవాళ్ల దగ్గర అంత రద్దీ. ఆగలేక ఒక పాత సిలిండ్రికల్ గ్రైండింగ్ మెషిన్ కొని, దాన్ని క్యామ్ గ్రైండింగ్ చేసే మెషిన్‌గా మార్చుకున్నారు. 1946లో అదే ఆయన కంపెనీ అయింది. ఆయనకు దారి చూపినవారు ఎడ్ విన్‌ఫీల్డ్ అనే పాతతరం మేధావి. ఏ రంగంలోనైనా అంతే, ప్రతి ఏకలవ్యుడికీ ఎక్కడో ఒక ద్రోణుడుంటాడు. అయితే ఇక్కడ బొటనవేలు ఎవరూ అడగలేదు.

మూడోవారు స్టూవర్ట్ హిల్‌బోర్న్. రంగుల కంపెనీలో రసాయన శాస్త్రవేత్తగా ఉద్యోగం చేస్తూ సెలవుల్లో సరస్సు మీదికి వెళ్లేవారు. కార్బురేటర్‌నే పక్కన పెట్టి, పంపుతో ఇంధనాన్ని నేరుగా ప్రతి సిలిండర్ గొంతులోకి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్‌ను పందెపు కార్లకు పనికొచ్చేలా చేశారు. 1948లో ఆయన బండి ఎండిన సరస్సు మీద గంటకు 150 మైళ్లు దాటిన తొలి బండి అయింది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఇండియనాపొలిస్ బండ్లు ఆయన ఇంజెక్షన్‌తో పరుగెత్తాయి. ఎడారి దుమ్ములో నిరూపించిన విద్య దేశంలోకెల్లా పెద్ద పందేనికి చేరింది.

ఒకటి నుంచి వంద

ఒక మంచి మానిఫోల్డు చేయడానికి చేతినేర్పు చాలు. అదే మానిఫోల్డును వందసార్లు, వందా ఒకేలా చేయడానికి వేరే విద్య కావాలి. నమూనా, అచ్చు, డ్రిల్లింగ్ జిగ్, కొలిచే గేజ్, వీటన్నిటికీ మించి ఒక క్రమం కావాలి. 1946లో ఎడెల్‌బ్రాక్ తొలి కేటలాగు అచ్చువేశారు. ఎక్కడో వేల మైళ్ల దూరాన ఉన్న కుర్రాడు డబ్బు పంపితే, పార్సిల్‌లో వచ్చిన భాగం వాడి ఇంజన్ మీద రంధ్రాలకు రంధ్రాలు కలిసి కూర్చోవాలి. కేటలాగు అంటే చేసినవాడు తన మొహం ఎన్నడూ చూడని మనిషికి ఇచ్చిన మాట. కొద్దికాలానికే ఎడెల్‌బ్రాక్ ఇంజన్ శక్తిని కొలిచే డైనమోమీటర్ కూడా షెడ్డులో పెట్టుకున్నారు. ఇక సరస్సు దాకా పోనక్కర్లేదు, ప్రతి మార్పుకూ అక్కడికక్కడే లెక్క తేలుతుంది.

1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్, మిత్రుడితో కలిసి హాట్ రాడ్ (వేగం పెంచిన బండికి వాడుక పేరు) పత్రిక తొలి సంచిక అయిదు వేల కాపీలు వేశారు. ఆ నెలలోనే లాస్ ఏంజెలిస్‌లో ఈ బండ్ల ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక్కో కాపీ పాతిక సెంట్లకు అమ్మారు. ఒక మూల ప్రాంతపు పిచ్చి దేశమంతటి విద్య అయింది ఆ పత్రికతోనే.

వీధి నుంచి ట్రాకుకు

విద్యతో పాటు ప్రమాదం కూడా పాకింది. ఊరి రోడ్ల మీద రాత్రిళ్లు పందేలు, చావులు, పత్రికల్లో నిందలు, పోలీసుల వేట. హాట్ రాడ్ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టారు. ఆయన కుర్రాళ్లను తిట్టలేదు, వెనకేసుకు రానూ లేదు. వీధి వదలండి, మీకొక ట్రాకు చూపిస్తాం, కానీ బండి తనిఖీ అయ్యాకే వదులుతాం అన్నారు. అప్పటికే 1950లో శాంటా ఆనాలో విమానాల రన్‌వే మీద డబ్బు కట్టి తోలే డ్రాగ్ స్ట్రిప్, అంటే నేరుగా సాగే పందెపు దారి, మొదలైంది. 1953 ఏప్రిల్‌లో పొమోనాలో సంఘం తొలి పందెం పెట్టింది. మరుసటి ఏడు నలుగురు మనుషులు ఒక స్టేషన్ వాగన్, వెనక ట్రైలర్‌తో ఊరూరా తిరిగి, పందెం ఎలా జరపాలో, బండిని ఎలా తనిఖీ చేయాలో నేర్పారు. ఆ బృందానికి ముందున్న బడ్ కూన్స్ అంతకుముందు పొమోనాలో పోలీసు ఉద్యోగి. తరిమిన చేయే దారి చూపింది.

ప్రాణం బరువు

ఇప్పుడు మాస్టారి మాట దగ్గరికి వస్తున్నాను.

1956లో పీట్ స్నెల్ అనే పందెగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. నెత్తిన హెల్మెట్ ఉంది. అది ఆయన్ని కాపాడలేకపోయింది. స్నేహితులు ఆయన కోసం విగ్రహం పెట్టలేదు. జార్జ్ స్నైవ్లీ అనే వైద్యుడితో కలిసి 1957లో ఆయన పేరిట స్మారక సంస్థ పెట్టి, హెల్మెట్లను పరీక్షించడం మొదలుపెట్టారు. హెల్మెట్‌కు గట్టి దెబ్బ తగిలించి, లోపలి తలకు ఎంత దెబ్బ చేరుతుందో కొలవడం, కొలతకు నిలవనిదాన్ని తిప్పి పంపడం వాళ్ల పని. పాత ఇనుము కొట్టుగా మొదలైన ఆ బెల్ దుకాణాన్ని అప్పటికి రాయ్ రిక్టర్ నడుపుతున్నారు. 1954 నుంచే ఆయన పందెం హెల్మెట్లు చేస్తున్నారు. స్నెల్ పరీక్షకు తొలుత నిలబడినవి బెల్ హెల్మెట్లే. ఈరోజు హెల్మెట్ వెనక స్నెల్ ముద్ర చూసినప్పుడు అది ఒక కంపెనీ పేరనుకుంటాం. అది ఒక చనిపోయిన స్నేహితుడి పేరు. ఇంతకంటే గొప్ప స్మారకం నేను వినలేదు.

1963లో ఈ పోటీదారులంతా ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇస్కెండరియన్, రిక్టర్, వెయండ్, డీన్ మూన్, అంతకుముందు ఏడాది 49 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయిన ఎడెల్‌బ్రాక్ కొడుకు విక్ జూనియర్, ఇంకొందరు. వాళ్లు పెట్టిన సంఘమే సెమా. తొలి అధ్యక్షుడు ఇస్కెండరియన్. వాళ్ల మొదటి పనుల్లో ఒకటి తమ మీద తామే నిబంధనలు రాసుకోవడం. ఇంజన్ విపరీతమైన వేగంతో తిరిగేటప్పుడు క్లచ్చో, ఫ్లైవీలో పగిలితే ఆ ముక్కలు బాంబు ముక్కల్లా లేచి డ్రైవర్ కాళ్ల మీదికి వస్తాయి. కాబట్టి ఫ్లైవీల్ ఏ లోహంతో చేయాలి, దాని చుట్టూ ఉక్కు కవచం ఎంత దెబ్బ ఆపాలి అన్నవి రాతపూర్వకంగా పెట్టారు. నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ వాటినే షరతు చేసింది.

అంతటితో ప్రమాదాలు ఆగలేదు. 1970 మార్చిలో లాంగ్ బీచ్ దగ్గర డాన్ గార్లిట్స్ అనే పందెగాడి బండి గేర్‌బాక్సు పేలింది. బండి రెండు ముక్కలై ఆయన కుడి పాదంలో కొంత పోయింది. ఆసుపత్రి మంచం మీదే ఆయన కొత్త బండి గీశారు, ఇంజన్ డ్రైవర్ ముందు కాక వెనక ఉండేలా. 1971లో ఆ బండితో గెలిచారు. కొన్నేళ్లలో ఆ తరగతి బండ్లన్నీ అదే పద్ధతికి మారాయి. 1934 నాటి చక్రాల కుర్చీకీ 1971 నాటి ఈ బండికీ మధ్య దాదాపు నలభై ఏళ్ల దూరం ఉంది. ఆ దూరమే ఈ పరిశ్రమ అసలు ప్రయాణం. వేగం వాళ్లకు మొదట్లోనే దొరికింది. భద్రత నేర్చుకోవడానికి మనుషులు కాళ్లూ ప్రాణాలూ ఇవ్వాల్సి వచ్చింది.

ఈలోగా పరిశ్రమ కూడా పెరిగింది. 1967 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లోని డాడ్జర్ స్టేడియంలో, గ్యాలరీల కింద 98 స్టాళ్లతో సెమా తొలి ప్రదర్శన జరిగింది. 1970లో అమెరికా గాలి కాలుష్య చట్టం కఠినమైంది. ఆ తర్వాత భాగం వేగం పెంచితే చాలదు, పొగ పెంచదని కాలిఫోర్నియాలో పరీక్షలో నిరూపించుకోవాల్సి వచ్చింది. ఇది మరో కొలత. దానికీ నిలబడినవాళ్లే మిగిలారు.

మన దగ్గర

మన దక్షిణాదిలోనూ ఈ వంశం ఉంది. మద్రాసు దగ్గర షోళవరం పాత రన్‌వే మీద దశాబ్దాల పాటు పందేలు జరిగాయి. కోయంబత్తూరు మిల్లుల కుటుంబానికి చెందిన కరివర్ధన్, 1980ల చివర మారుతి 800 ఇంజన్‌తో చవకైన పందెం కారు కట్టారు. డబ్బున్నవాళ్ల ఆట మామూలు కుర్రాళ్లకు కాస్త దగ్గరైంది. 1995లో ఆయన చిన్న విమాన ప్రమాదంలో పోయారు. 2003లో కోయంబత్తూరులో తెరిచిన రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. అదే ఊరి నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో తోలిన తొలి భారతీయుడయ్యాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తడం మనలో చాలామంది కళ్లారా చూశాం.

చేతుల కొరత మనకు లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే చాలు. లారీ బాడీ కట్టేవాళ్లు, క్రాంక్ షాఫ్టు గ్రైండింగ్ చేసేవాళ్లు, బోరింగ్ పట్టేవాళ్లు, ఏ దేశపు పనివాడి పక్కనైనా నిలబడగలిగిన చేతులు కనిపిస్తాయి. నాకు కొరతగా కనిపించేవి రెండే. మనం చేసినదాన్ని కొలిచి, రాసి, దాని మీద మన పేరు చెక్కే అలవాటు తక్కువ. రాత్రిళ్లు సైలెన్సర్ విప్పేసి ఫ్లైఓవర్ల మీద ప్రాణాలతో ఆడుకునే కుర్రాళ్లకు మనం చలానాలు రాస్తాం గానీ మైదానం చూపించం. పార్క్స్ లాంటి పెద్దమనిషి, కూన్స్ లాంటి పోలీసు మన ఊళ్లలోనూ కలిసి కూర్చుంటే ఆ కుర్రాళ్లలో కొందరైనా రేపటి ఇంజనీర్లవుతారు.

అందుకని ఈ వేదిక మీదినుంచి రెండు విన్నపాలు. ప్రభుత్వం వారికి: వాడకంలో లేని ఒక రన్‌వేనో, ఊరికి దూరంగా ఒక చదును నేలనో నెలకొక ఆదివారం ఇవ్వండి. తనిఖీ, అంబులెన్సు, హెల్మెట్ తప్పనిసరి చేయండి. షెడ్డుల మిత్రులకు: ఈ సంవత్సరం నుంచి మీరు చేసే ప్రతి భాగం మీద మీ గుర్తు వేయండి. కొలత పుస్తకంలో రాయండి. తప్పొస్తే తిరిగి తీసుకోండి.

విద్యార్థులారా, మీకు చెప్పేది ఒక్కటే. రేపు మీ లేత్ మీద ఒక జాబ్ మూడు థౌలు తక్కువొస్తుంది. చుట్టూ ఎవరూ ఉండరు. హాక్సా తీసుకుని దాన్ని మీరే కోసేయండి. మాస్టారికి మనం కట్టగలిగిన స్మారకం అదే.